రేషన్ బియ్యంలో తేలే గింజలు: పారేయాలా, వండుకోవాలా?

అత్తిలి కోడలు: బియ్యం కడుగుతుంటే కొన్ని గింజలు పైకి తేలుతున్నాయండి. ప్లాస్టిక్ అని మా అత్తగారు కుడితిలో పోసేస్తున్నారు. నాకేమో హిమోగ్లోబిన్ 9. ఆ గింజల్లోనే ఐరన్ ఉందంటోంది ఆశా కార్యకర్త. ఎవరి మాట వినాలి?

మిల్లు గుమస్తా: ప్లాస్టిక్ కాదండి బాబూ. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్లు కలిపి మిషన్లో మళ్లీ గింజలా ఒత్తుతారు. క్వింటాకి కిలో చొప్పున మేం కలిపినవే. తేలిక కాబట్టి కొన్ని తేలతాయి. మీ గేదెకి మాత్రం ఇక రక్తహీనత రాదు.

పాతకాలపు మనిషి: నవ్వులాటకేం గానీ, తవుడంతా గీకేసి పశువులకి పెట్టి, మళ్లీ మందు కలిపిన గింజ మనకి పెట్టడమేంటి? మరబియ్యం వచ్చాకే కదా ఈ జిల్లాల్లో బెరిబెరి ముదిరింది, బి1 విటమిన్ చాలక కాళ్లు తిమ్మిరెక్కి, వాచిపోయి! ఉప్పుడు బియ్యం తినేచోట అది అంతగా లేదు. ధాన్యం ఉడికేటప్పుడు తవుడులోని బి1 గింజలోకి దిగుతుంది. తమాషా ఏంటంటే, కోనసీమలో పండే బొండాలు రకం ధాన్యం ఉప్పుడు చేసి కేరళకి పంపేది మనమే. దంపుడు బియ్యం, తోటకూర తినమనండి.

భీమవరం మాస్టారు: బెరిబెరి సంగతి ఒప్పుకుంటా. కానీ ఈ అమ్మాయిది వేరే లోటు. తవుడులో బి12 ఉండదు. ఐరన్ ఉన్నా అందులోని ఫైటేట్ అనే పదార్థం దాన్ని ఒంటికి అంతగా పట్టనివ్వదు. తోటకూరకైనా నిమ్మకాయ తోడుండాలి, తినగానే టీ తాగకూడదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతానికి రక్తహీనత. అందుకే అందరికీ ఈ బియ్యమే ఇవ్వాలంటాను. అన్నట్టు, 1945లో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది మా ఊళ్లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమే.

ఒక అమ్మ: మా బాబుకి తలసీమియా, ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టు జబ్బు. రక్తం ఎక్కించిన ప్రతిసారీ ఐరన్ పేరుకుంటుంది, దాన్ని దింపడానికే మాత్రలు మింగుతాడు. మీరన్న "అందరికీ"లో వాడూ ఉన్నాడు మాస్టారూ. సంచి మీద మాలాంటివాళ్లకి హెచ్చరిక ఉండేది, 2024లో అదీ తీసేశారు.

భీమవరం మాస్టారు: ఈ బియ్యంలో ఐరన్ కిలోకి 28 నుంచి 42.5 మిల్లీగ్రాములేనమ్మా. ఒక్క యూనిట్ రక్తంతోనే 200కి పైగా చేరుతుంది.

ఒక అమ్మ: అందుకే ఇంకా కలపమంటారా?

మిల్లు గుమస్తా: ఆవిడ అడిగింది న్యాయం. అలాంటి ఇళ్లకి కలపని బియ్యం విడిగా ఇవ్వాలి. మేం కలపకముందు అవి ఉత్త బియ్యమే కదండీ, కష్టమేముంది?

అత్తిలి కోడలు: డాక్టరమ్మ ఐరన్ మాత్రలే రాశారు, బియ్యంతో తీరే లోటు కాదట. గింజలైతే పారేయడం లేదు. మా అత్తగారు మాత్రం తన ముద్ద వేరే వండుకుంటున్నారు.