ఆర్చి వంతెన బొమ్మలో గోదావరి ఇరుకైపోతోంది

ప్రశ్న:
రాజమహేంద్రవరం గట్టున కూర్చుని, కొవ్వూరు వైపు పొద్దు వాలుతున్న వేళ ఆర్చి వంతెనను నీటిరంగుల్లో వేయడానికి మూడుసార్లు ప్రయత్నించాను. 28 కమానులనూ లెక్క తప్పకుండా స్కేలుతో గీసుకుని శ్రద్ధగా రంగులు నింపినా, ఇంటికి తెచ్చి గోడకు ఆనించి చూస్తే వంతెన అడ్డంగా పెట్టిన దువ్వెనలా ఉంది, దాని కింద అంత గోదావరీ పంటకాలువలా కనిపిస్తోంది. నీటిలో వేసిన నీడలు కూడా ఎందుకో అతకలేదు. లోపం ఎక్కడుందో చెప్పగలరా?

జవాబు 1:
మీ లెక్కే మిమ్మల్ని దెబ్బతీసిందండీ. ఒక్కొక్క కమాను పొడవు దాదాపు 97 మీటర్లన్నది నిజమే కానీ, గట్టు మీది నుంచి ఏటవాలుగా చూసే కంటికి అవి సమానంగా ఉండవు. దగ్గరి కమానులో కిందికి దిగే సన్నని నిలువు కడ్డీలు కూడా కనిపిస్తాయి, అయిదారు కమానులు దాటేసరికి వంపు మాత్రమే మిగులుతుంది, ఆ తర్వాతవి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వాటిని విడివిడిగా గీయకుండా, అల్ట్రామెరీన్ నీలంలో కాస్త బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమరంగు) కలిపిన పలుచని బూడిదరంగును తడి కాగితం మీద ఒక్క ఊపులో లాగి వదిలేయండి.

జవాబు 2:
మీరు నీడలన్నది ప్రతిబింబాల గురించే అయితే, వాటిని ఎండ పడే దిశను బట్టి వాల్చారేమో చూసుకోండి. నీడ సూర్యుణ్ణి బట్టి తిరుగుతుంది కానీ, ప్రతిబింబం ఎప్పుడూ స్తంభం కింద నిలువుగానే పడుతుంది, అలలుంటే ముక్కలై మన వైపు సాగుతుంది. ఆగస్టులో ఎర్రనీరు వచ్చినప్పుడు వేసిన బొమ్మైతే ప్రతిబింబాలను బాగా తగ్గించాలి, ఎందుకంటే ఆ నీటికి సొంత రంగే ఎక్కువ.

జవాబు 3:
ఫ్రెంచి చిత్రకారుడు క్లోడ్ మోనే 1899 నుంచి 1901 వరకు లండన్‌కు వెళ్లివస్తూ, సావోయ్ హోటల్ గదిలో నుంచి థేమ్స్ మీది వాటర్లూ వంతెనను నలభైకి పైగా చిత్రాలుగా వేశాడు. బొగ్గుపొగ కలిసిన మంచులో వెలుగు మారినప్పుడల్లా కాన్వాసు మార్చుకుంటూ మొదలుపెట్టినవాటిలో చాలావాటిని ఫ్రాన్సులోని జివెర్నీ ఇంటికి చేరాకే పూర్తిచేశాడు. వాటిలో కొన్నింట వంతెన అవతలి కొస పొగలో కరిగిపోతుంది. అయితే మొదటి జవాబుతో నాకు చిన్న పేచీ ఉంది: కొవ్వూరు గట్టు దగ్గర చెట్ల వరుసను ఒక్క ముదురు గీతగానైనా వేయకపోతే వంతెన ఎక్కడికి చేరుతోందో తెలియదు.

ప్రశ్న అడిగినవారు:
నిన్న సాయంత్రం ఆరు కమానులతో ఆపి, చెట్ల గీత వేశాను. మధ్యలో కాగితం తెల్లగా మిగిలినచోటే ఈసారి నీళ్లున్నట్టు ఉంది.