ప్లస్ త్రీలో మ్యాథ్స్, ఫిజిక్స్, ఎకనామిక్స్: ఏ మేజర్‌కి ఏ లెక్కలు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
మా చెల్లి ప్లస్ టూ సైన్స్ అయింది. ప్లస్ త్రీకి (డిగ్రీకి) మ్యాథ్స్, ఫిజిక్స్, ఎకనామిక్స్ మూడింటి మధ్య ఊగుతోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ ఫార్ములాలు గడగడా అప్పజెప్తుంది. లెక్క కాస్త తిప్పి ఇస్తే మాత్రం ఆగిపోతుంది. మూడు మేజర్లలోనూ కాల్‌క్యులస్ ఉందంటున్నారు. అన్నిట్లో అదే లెక్కలా, వేరా? క్లాసులు మొదలయ్యేలోపు ఏవి సరిచేసుకోవాలి?

గుణుపురం మాస్టారు
బాబూ, పేరొకటే గాని పని వేరు. మ్యాథ్స్ మేజర్‌లో మొదట కొన్నాళ్లు ప్లస్ టూ లాగే నడుస్తుంది. రియల్ ఎనాలిసిస్, గ్రూప్ థియరీ వచ్చేసరికి జవాబు రాబట్టడం పోయి నిరూపించడం మొదలవుతుంది. ఫార్ములాలు నమ్ముకుని వచ్చిన పిల్లలు అక్కడే చతికిలబడతారు.

చేర్చేముందు ఇదొక్కటి చేయించండి. ఎక్స్ 2కి దగ్గరయ్యేకొద్దీ ఎక్స్ స్క్వేర్ 4కి దగ్గరవుతుందని నిరూపించాలి. ఎక్స్ స్క్వేర్ − 4 అంటే (ఎక్స్ − 2)(ఎక్స్ + 2). ఎక్స్‌కీ 2కీ దూరం 1 లోపే ఉండాలని ముందే కట్టడి పెడితే ఎక్స్ 1కీ 3కీ మధ్యనే ఉంటుంది, అంటే ఎక్స్ + 2 ఎప్పుడూ 5 లోపే. ఈ తేడా ఎప్సిలాన్ (ఎవరైనా ఇచ్చే ఎంత చిన్న ధన సంఖ్యైనా) కన్నా తగ్గాలంటే 1, ఎప్సిలాన్/5 ఈ రెంటిలో ఏది చిన్నదైతే అది డెల్టా, అంటే ఎక్స్‌కీ 2కీ దూరం దాని లోపు ఉండాలి.

పిల్లలు తప్పేది ఎక్కడంటే, డెల్టా అంటే ఎప్సిలాన్/(ఎక్స్ + 2) అని రాసేస్తారు. డెల్టా ముందు తేల్చుకోవాలి, ఎక్స్ ఆ తర్వాత వస్తుంది. ఎక్స్ మీద ఆధారపడ్డ డెల్టా చెల్లదు. "ఆ 1 బదులు అర పెట్టకూడదా?" అని మీ చెల్లి తనంతట తను అడిగితే (పెట్టొచ్చు, అప్పుడు 5 బదులు 4.5 వస్తుంది) ధైర్యంగా మ్యాథ్స్‌లో చేర్చండి. "తెలిసిన విషయానికి ఈ గొడవంతా ఏటి?" అంటే తప్పేం లేదు, మిగతా రెండూ చూడండి.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)
మిగతా రెండింటి సంగతి నేను చెప్త.

ఫిజిక్స్‌లో చిక్కు ఏందంటే, లెక్కల క్లాసులో చెప్పకముందే అక్కడ వాడేస్తరు. గ్రేడియంట్, డైవర్జెన్స్, కర్ల్, ఆ తర్వాత ఫూరియర్ సిరీస్, మాత్రికల ఐగెన్ విలువలు అన్నీ కావాలె. నిరూపణ కన్నా చేతివాటం ముఖ్యం. స్ప్రింగుకు కట్టిన బరువు ఊగి ఊగి ఆగే లెక్కనే తీసుకోండి. బరువు ఎం, రాపిడి బి, స్ప్రింగు బలం కె అనుకుంటే చివరికి మిగిలేది ఒక వర్గ సమీకరణమే. బి స్క్వేర్ − 4ఎంకె రుణమైతే ఊగుతూ తగ్గుతది, ధనమైతే ఊగకుండనే మెల్లగ ఆగుతది. సున్న అయినప్పుడు రెండు మూలాలు ఒకటే అయితయి గనుక రెండో సాధనకు టైమ్‌తో గుణించాలె. ఆ గుణకం మరిచిపోయేటోళ్లే ఎక్కువ. అప్పుడు ఒకే స్థిరాంకం మిగిలి, మొదటి స్థానం, మొదటి వేగం రెండూ కుదరవు.

ఎకనామిక్స్‌కు పార్షియల్ డెరివేటివ్‌లు, లాగ్రాంజ్ పద్ధతి (కట్టుబాటు ఉన్నప్పుడు గరిష్ఠం కనుక్కునేది), స్టాటిస్టిక్స్. ట్రిగొనోమెట్రీతో పెద్దగ పని పడదు. ఉదాహరణ: ఒక సరుకు 2 రూపాయలు, ఇంకోటి 5, చేతిల 100. కొన్న మొత్తాలు ఎక్స్, వై అయితే తృప్తి ఎక్స్ × వై. 2ఎక్స్ + 5వై = 100 కట్టుబాటుతో, లాంబ్డా అనే గుణకం పెట్టి చేస్తే వై = 2లాంబ్డా, ఎక్స్ = 5లాంబ్డా, లాంబ్డా 5. అంటే ఎక్స్ 25, వై 10, తృప్తి 250. చాలామంది ఇక్కడ పెన్ను మూసేస్తరు. అసలు ఎకనామిక్స్ ఆ లాంబ్డాలోనే ఉంది: ఇంకో రూపాయి చేతికొస్తే తృప్తి దాదాపు 5 పెరుగుతది. 101తో చేసి చూడండి, 255.025 వస్తది.

మా మహారాష్ట్ర దిక్కు పిల్లలకు ఇంకో మాట. పన్నెండులో కామర్స్ లెక్కల పేపరు, సైన్స్ లెక్కల పేపరు వేర్వేరు. కామర్స్ దాంట్ల కమీషన్, ఇన్సూరెన్స్, ఇండెక్స్ నంబర్లు ఉంటయి, వెక్టర్లు ఉండవు. అది చదివి లెక్కలు ఎక్కువున్న కోర్సులో చేరేటోళ్లు ఆ వెలితి ముందే పూడ్చుకోవాలె.

మహేంద్రతనయ
చాలా థ్యాంక్స్ అన్నా, మాస్టారూ. మరి పునాది ఎక్కడ బలహీనంగా ఉందో ఎలా తెలుస్తుంది?

గుణుపురం మాస్టారు
మూడు ప్రశ్నలు ఇవ్వండి. మైనస్ 3ని స్క్వేర్ చేసి దానికి వర్గమూలం ఎంత? 3. మైనస్ 3 అందంటే మాడ్యులస్ (గుర్తు వదిలేసిన విలువ) అర్థం కాలేదని. ఎక్స్ − 3 మాడ్యులస్ 2 కన్నా తక్కువంటే ఎక్స్ ఎక్కడుంటుంది? 1కీ 5కీ మధ్య. నంబర్ లైను గీయకుండా తడుముకుంటే అసమానతలు మళ్లీ చెయ్యాలి.

మూడోది కాస్త దొంగ ప్రశ్న: 1/ఎక్స్ స్క్వేర్‌ని మైనస్ 1 నుంచి 1 దాకా ఇంటిగ్రేట్ చెయ్యమనండి. ఫార్ములా పెడితే మైనస్ 2 వస్తుంది. ఎక్కడా రుణం కాని ఫంక్షన్‌కి రుణ వైశాల్యం ఏటి? సున్న దగ్గర అది అంతు లేకుండా పెరుగుతుంది, అందుకని ఆ ఫార్ములా అక్కడ పనికిరాదు, ఇంటిగ్రల్‌కి విలువే లేదు. జవాబు రాసేముందు గ్రాఫు గీసే అలవాటుంటే ఇక్కడ పట్టేస్తుంది.

పుస్తకం కోసం వెతకొద్దు. పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. ఫంక్షన్లు, అసమానతలు, ట్రిగొనోమెట్రీ, లిమిట్స్ అదే వరసలో చెయ్యాలి. మాడ్యులస్ లెక్కలు మాత్రం బయటివి కూడా చేయించండి. పన్నెండో తరగతి పుస్తకంలో కంటిన్యుటీ చాలు, ఇంటిగ్రేషన్ మళ్లీ తిరగెయ్యక్కర్లేదు, ఆ పాఠం ఎలాగూ వచ్చు. వీడియోలు చూస్తే అర్థమైనట్టే ఉంటుంది గాని, కాగితం మీద చెయ్యకపోతే చెయ్యి తిరగదు.

ప్రాణహిత ఒడ్డు
ఇంకోటి. ఫారం నింపేముందు ఏ మేజర్‌కు ఏ మైనర్ (మేజర్ పక్కన చదివే రెండో సబ్జెక్టు) ఇస్తున్నరో కాలేజీలో అడుగుండ్రి. ఎకనామిక్స్ తీసుకుని మ్యాథ్స్ మైనర్ దొరికితే, ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) ఎకనామిక్స్ పీజీ ఎంట్రన్స్‌లో ఉండే లెక్కల పేపరుకు అదే అక్కరకొస్తది.