సమస్య: కట్టె తెలివి ముందు కవియె యోడె

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. వేల్స్ భాషలో చదరంగాన్ని గ్విద్‌బుయిల్ అంటారు. గ్విద్ అంటే చెట్లు, కట్టె. పుయిల్ అంటే బుద్ధి, వివేకం. మన చదరంగం (చతురంగం) సేనను చూసింది, వాళ్ళ మాట పావు చేసిన కట్టెను చూసింది. అక్కడే నాకు సమస్య దొరికింది.

గోదారిగాలి:

చెట్టు బుద్ధి చేర్చి చేసిన పదమంట
వేల్సు వారు దాని విడువ లేదు
పావు కదిపి కదిపి పరువు పోయెను నాకు
కట్టె తెలివి ముందు కవియె యోడె

పాతపంతులు: ఎత్తుగడ బాగుందమ్మా. కానీ మూడో పాదంలో ‘నాకు’ అని, వెంటనే ‘కవియె యోడె’ అంటే అతకలేదు. ‘పరువు పోయె సభను’ అంటే సరిపోతుంది. గణమూ చెడదు.

గోదారిగాలి: సవరించానండీ. మరి పుయిల్ కాస్తా బుయిల్ ఎందుకైంది?

పాతపంతులు: సమాసంలో రెండో మాట మొదటి పరుషం అక్కడ సరళమవుతుంది. ల్లివ్ర్ (పుస్తకం), కెల్ (గది) కలిస్తే ల్లివ్ర్‌గెల్, అంటే గ్రంథాలయం. క గ అయింది, ప బ అయింది. మన సరళాదేశానికి ద్రుతం కావాలి, వాళ్ళకు సమాసం చాలు! ఐరిష్‌లోనూ ఇదే జంట ఉంది: ఫిద్ కట్టె, కీయల్ తెలివి. పాత రోజుల్లో రెండు చోట్లా అది వేరే పలకాట, చదరంగం కాదు. వేల్స్ వాళ్ళు ఆ పేరునే తర్వాత చదరంగానికి పెట్టుకున్నారు.

చిన్నక్షరం: విరిచి చూశాను.

రాజు చుట్టు చేరె రథములు బంట్లును
జరుగు చోటు లేదు చదర మందు
ఎత్తు మరల దోచ దింతలో మన యాట
కట్టె, తెలివి ముందు కవియె యోడె

నిర్వాహకుడు: ‘ఆట కట్టె’! కట్టెను క్రియ చేసేశారు, భేష్. ఒక్కటే లోటు, ఎవరి తెలివి ముందు?

చిన్నక్షరం: ఫోన్ తెలివండీ. రాత్రి మూడుసార్లు ఓడాను.

పాతపంతులు: పెరెదుర్ అనే వీరుడి పాత వేల్స్ కథలో పావులు వాటంతటవే ఆడుకుంటాయి. అతను పక్షం వహించిన జట్టు ఓడింది, గెలిచిన పావులు మనుషుల్లా కేకలేశాయి. కోపమొచ్చి పలకను సరస్సులో పారేశాడు.

చిన్నక్షరం: నా ఫోన్‌కి ఇంకా రెండు వాయిదాలు కట్టాలి గురువుగారూ.