‘మారిందట’లోని ‘ట’ ఎక్కడ రాలిపోతోంది?

కాపీడెస్క్:
ఎన్నికల వేళ ఫోన్లలో తిరిగే తప్పుడు సందేశాలను పరిశీలించి వివరణ రాసేవారి కోసం ఒక శైలీపత్రం సిద్ధమవుతోంది. అందులో ఒకచోట చిక్కు పడింది. నోటిమాటగా ఉన్నప్పుడు ‘పోలింగ్ తేదీ మారిందట’ అంటారు. నాలుగు గ్రూపులు దాటేసరికి అదే ‘పోలింగ్ తేదీ మారింది’ అని పెద్దక్షరాల పోస్టరవుతుంది. ఆ ‘ట’ ఎందుకు పడిపోతోంది? వివరణ రాసేటప్పుడు దాన్ని మళ్లీ తగిలిస్తే సరిపోతుందా? అన్నింటికీ ‘ఫేక్’ అన్న ఒక్క మాట వాడి వదిలెయ్యలేం. తమకు నచ్చని వార్తనల్లా నాయకులు ఫేక్ అని కొట్టిపారేయడం మొదలయ్యాక ఆ మాట పరిశీలకుల చేతిలో పనికిరాకుండా పోయింది.

నిఘంటువు:
‘అట’ అన్నది చూసినదాన్నీ విన్నదాన్నీ వేరుచేసే గీత. టర్కిష్‌లో ‘మిష్’ ప్రత్యయం చేసే పనుల్లో ఇదొకటి. ‘వదంతి’ కూడా ఇలాంటిదే. సంస్కృతంలో అది బహువచన క్రియ, ‘చెబుతున్నారు’ అని అర్థం. ఎవరు చెబుతున్నారో అందులో లేదు. అందుకే పుట్టించినవాడి ఊసు లేని మాటకే వదంతి అని వాడండి. కావాలని పుట్టించినట్టు ఆధారం దొరికితే దుష్ప్రచారం అనండి. 2017లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ కోసం క్లెయిర్ వార్డల్, హొస్సేన్ దెరఖ్‌షాన్ రాసిన నివేదికలో మూడో రకం కూడా ఉంది: సమాచారం నిజమే, కాకపోతే ఒకరికి హాని చేయడానికి బయటపెట్టినది. దానికి కొత్త మాట పుట్టించనక్కర్లేదు, ‘గుట్టు రచ్చకీడ్చడం’ అని మనకు ఉండనే ఉంది.

ఒక జాగ్రత్త. ఒకే సందేశం తయారుచేసినవాడి చేతిలో దుష్ప్రచారం, నమ్మి పంపినవాళ్ల చేతిలో వదంతి. అందుకని సందేశానికి ముద్ర వెయ్యకుండా ఎవరు ఏం చేశారో రాయడం మేలు.

అచ్చుతప్పు:
‘ట’ రాలడానికి కారణం పంపే పద్ధతిలోనే ఉంది. ‘ట’ నిలవాలంటే ఒక నోరు కావాలి, ‘నేను విన్నాను’ అనే మనిషి కావాలి. ఫార్వర్డ్ చేసేవాడు మాట్లాడడు, వేలితో నొక్కుతాడు. ఆ లోటు తీర్చడానికే వాట్సాప్ గుర్తులు పెట్టింది. ఐదుసార్లు, అంతకు మించి చేతులు మారిన సందేశం మీద జంట బాణం కనిపిస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. ఆ జంట బాణమే యంత్రం పెట్టిన ‘ట’ అనుకోండి. అయితే పాఠాన్ని కాపీ చేసి కొత్తగా అతికిస్తే, లేదా స్క్రీన్‌షాట్ తీసి పంపితే బాణం పోతుంది, లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పరిశీలనకు వచ్చిన సందేశం మీద బాణం లేదని ‘ఇది కొత్తది’ అని తేల్చకండి.

అంతా బాట్ల (మనుషుల్లా పోస్టులు పెట్టే ప్రోగ్రాముల) పని అనుకోవడం కూడా సరికాదు. ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 దాకా తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి ఎంఐటీ పరిశోధకులు 2018లో అచ్చువేసిన అధ్యయనం ప్రకారం, 1,500 మందిని చేరడానికి అబద్ధానికి పట్టే కాలం కంటే నిజానికి సుమారు ఆరు రెట్లు ఎక్కువ కాలం పట్టింది. బాట్లను తీసేసి లెక్కకట్టినా తేడా పోలేదు. కొత్తగా, వింతగా ఉన్నదాన్ని మనుషులే ఎగబడి పంచారు.

గీటురాయి:
నిఘంటువు గారూ, ‘ట’ మీద అంత నమ్మకం వద్దండి. అది అన్నవాడిని కాపాడుతుంది కానీ నిజాన్ని కాపాడదు. ‘నేనన్నానా? అన్నారట అన్నాను’ అని తప్పుకోవచ్చు. మన వార్తల భాషలో దానికి చుట్టాలు బోలెడు: ‘అని విశ్వసనీయ సమాచారం’, ‘రాజకీయ వర్గాల్లో జోరుగా చర్చ’, ‘అన్న ఆరోపణలు వెల్లువెత్తుతున్నాయి’. వీటిలో ఒక్కదానికీ కర్త లేడు. థంబ్‌నెయిల్ మీద ‘రాజీనామా చేశారా?’ అన్న ప్రశ్నార్థకం కూడా ఈ కోవలోదే. జవాబు ‘లేదు’ అయినా చూసినవాడి మనసులో మిగిలేది రాజీనామాయే. పదేపదే విన్న వాక్యం నిజంలా తోస్తుందని 1977లోనే మనస్తత్వ ప్రయోగాల్లో తేలింది. కాబట్టి వివరణలో ‘ట’ తగిలించి అబద్ధాన్ని మూడుసార్లు రాస్తే దానికి మనమే బలం పోసినట్టు.

కాపీడెస్క్:
మరి శీర్షిక ఎలా పెట్టాలి? ప్రస్తుతం ఉన్న నమూనా: ‘పోలింగ్ తేదీ మారిందంటూ తిరుగుతున్న సందేశం నిజం కాదు’.

ప్రూఫు:
అదే అసలు ప్రమాదం. తెలుగు వాక్యంలో క్రియ చివరన వస్తుంది, ‘కాదు’, ‘లేదు’ ఇంకా చివరన. నోటిఫికేషన్‌లోనూ లింకు ప్రివ్యూలోనూ తెగేది ఆ తోకే. తెర మీద మిగిలేది ‘పోలింగ్ తేదీ మారిందంటూ తిరుగుతున్న…’ అన్న ముక్క. ఖండన కాస్తా ప్రచారమైపోతుంది. నిజాన్ని ముందు పెట్టి, అక్కడే వాక్యం ముగించండి: ‘ముందుగా ప్రకటించిన తేదీనే పోలింగ్. మారిందన్న సందేశం కల్పితం.’ రెండో వాక్యం తెగినా నష్టం లేదు.

ఎస్సెమ్మెస్ అయితే ఇంకా ఇరుకు. తెలుగు లిపిలో ఒక్క సందేశానికి 70 యూనిట్లే పడతాయి. గుణింతం గుర్తు, పొల్లు కూడా లెక్కలోకి వస్తాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికి ఆరు పోతాయి. మొదటి నాలుగు మాటల్లో నిజం పడకపోతే ఆ శీర్షిక తిరగరాయాలి.

సమాసం:
‘ట’ అయినా వాక్యంలో ఉంటుంది కాబట్టి పట్టుకోవచ్చు. హ్యాష్‌ట్యాగ్‌లో, మీమ్‌లో వాక్యమే ఉండదు, అక్కడ పని మరీ కష్టం. ‘మంత్రి లంచం తీసుకున్నాడు’ అంటే ఉద్దేశ్యం (ఎవరి గురించి), విధేయం (ఏమంటున్నాం) ఉన్నాయి. ‘తీసుకోలేదు’ అని విధేయాన్ని ఖండించవచ్చు. ‘లంచాలమంత్రి’ అని సమాసం చేసేశారనుకోండి, ఆరోపణ విశేషణంలోకి జారుకుంది. ‘లంచాలమంత్రి ఖండించారు’ అని రాసినా నింద చెక్కుచెదరలేదు.

దీనికి మందు మన వ్యాకరణంలోనే ఉంది, విగ్రహవాక్యం చెప్పించడం, అంటే సమాసాన్ని విడగొట్టి పూర్తి వాక్యంగా చెప్పమనడం. ఎవరు, ఎవరి దగ్గర, ఎప్పుడు, దేనికి తీసుకున్నారు? ఈ నాలుగూ నింపగలిగితే అది పరిశీలించదగ్గ ఆరోపణ. నింపలేకపోతే అది తిట్టు, దానికి నిజనిర్ధారణ రాయొద్దు. మీ శైలీపత్రంలో ఇది తప్పకుండా చేర్చండి. తిట్టుకు నిజమా అబద్ధమా అని ముద్ర వేయబోయి చాలామంది పరిశీలకులు ఒక పక్షం మనుషులుగా కనబడిపోతున్నారు.

గీటురాయి:
సమాసం గారి మాటకు జోడింపు. ‘నకిలీ వీడియో’ అని కూడా గుండుగుత్తగా రాయకండి. 2019 మేలో అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ ప్రసంగాన్ని అసలు వేగంలో సుమారు 75 శాతానికి తగ్గించి, ఆమె తడబడుతున్నట్టు చూపించారు. అక్కడ మాటలు ఆమెవే, మార్చింది వేగాన్ని. 2024 జనవరిలో న్యూహాంప్‌షైర్ ఓటర్లకు వచ్చిన ఫోన్‌కాల్‌లో బైడెన్ గొంతే యంత్రం పుట్టించినది. రెండింటికీ ఒకే మాట వాడితే, మొదటిదాని అసలు ప్రతి దొరకగానే ‘మీరే అబద్ధమన్నారు కదా, ఇదిగో వీడియో ఉంది’ అని ఎదురు తిరుగుతారు. చేసిన పనినే క్రియగా రాయండి: వేగం తగ్గించారు, కత్తిరించారు, పాతదాన్ని ఇప్పటిదన్నారు, గొంతు పుట్టించారు.

కాపీడెస్క్:
‘పాతది’ అని తేల్చేందుకు ఒక పద్ధతి రాయగలరా?

గీటురాయి:
వీడియోలోంచి మూడు నాలుగు ఫ్రేములు తీయండి. మనుషుల ముఖాల కంటే వెనకున్న బోర్డులు, భవనాలు స్పష్టంగా ఉన్నవి ఎంచుకోండి. బొమ్మతో వెతికే గూగుల్ లెన్స్‌లో ఒకసారి, అలాంటిదే అయిన టిన్‌ఐలో ఒకసారి వెతకండి. టిన్‌ఐలో ఫలితాలను పాతవి ముందు వచ్చేలా అమర్చుకోవచ్చు. ఏమీ దొరక్కపోతే ఫ్రేమును అద్దంలోలా కుడిఎడమలు మార్చి మళ్లీ వెతకండి, పట్టుబడకుండా తిప్పి పంచడం మామూలే. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చినదాంట్లో తీసిన తేదీ, చోటు వివరాలు చూడకండి, పంపేటప్పుడే అవి తొలగిపోతాయి. దొరికిన పాత ప్రతి తేదీని వివరణలో రాసేటప్పుడు ‘కనీసం ఫలానా తేదీ నుంచి ఉంది’ అనండి, ‘ఫలానా రోజు తీసినది’ అనకండి. మనకు తెలిసింది అంతవరకే.

ఉత్త ఆడియో అయితే ఇవేవీ పనిచేయవు. 2023 సెప్టెంబరులో స్లొవాకియాలో పోలింగ్‌కు రెండు రోజుల ముందు ఒక పార్టీ నాయకుడి గొంతుతో బయటికొచ్చిన రికార్డింగు అలాంటిదే. ప్రచారం ఆపేయాల్సిన 48 గంటల వ్యవధి కావడంతో గట్టిగా ఖండించడం కూడా కష్టమైంది. ఆడియోకు వివరణ రాసేటప్పుడు గొంతు పోలిక జోలికి పోకుండా, మొదట ఏ ఖాతాలో ఏ గంటకు కనబడిందో, ఆ సంభాషణ జరిగిందన్న చోట ఇంకెవరున్నారో అడిగి రాయండి.