ఆడిట్ అయిపోయిన సర్వీస్ టాక్స్ లెక్కలు మళ్లీ అడుగుతున్నారు, దీనికి గడువు ఉండదా?

ప్రశ్న (విజయవాడ, ఆటోనగర్)
నాన్నగారు సెక్యూరిటీ గార్డుల్ని పంపే పని చేసేవారండి, సొంత ప్రొప్రైటర్‌షిప్పే. 2015-16 లెక్కలకి 2017లో డిపార్ట్‌మెంట్ ఆడిట్ వాళ్లొచ్చి రెండ్రోజులు కూర్చుని లెడ్జర్లు, బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ చూశారు, చిన్న తేడా వస్తే వడ్డీతో కట్టేశాం, రిపోర్టు కూడా ఇచ్చారు. ఇప్పుడు అదే ఏడాదికి ఇన్‌కంటాక్స్‌లో చూపిన ఆదాయానికీ, అప్పటి సర్వీస్ టాక్స్ రిటర్న్ ఎస్‌టీ-3కీ పొంతన లేదని లెటర్ వచ్చింది. లెటర్ చూసిన దగ్గర్నుంచి నాన్నగారు అన్నం సరిగ్గా తినట్లేదు. వాళ్లే చూసి సరే అన్నాక మళ్లీ ఎన్నేళ్లకైనా అడగొచ్చా అండి?

జవాబు (గుంటూరు, టాక్స్ ప్రాక్టీస్)
అడగలేరండి. ఫైనాన్స్ యాక్ట్ 1994 సెక్షన్ 73 ప్రకారం షోకాజ్ నోటీసుకి (టాక్స్ ఎందుకు వసూలు చేయకూడదో చెప్పమని ఇచ్చేది) మామూలు గడువు 30 నెలలు, 2016 మే 14కి ముందు 18 నెలలే ఉండేది. మోసం, కావాలని దాచడం ఉంటే 5 ఏళ్లు. రిటర్న్ వేసిన తేదీ నుంచి లెక్క. మీ ఆఖరి రిటర్న్ 2016 ఏప్రిల్‌లో వేసుంటే 5 ఏళ్లు 2021 ఏప్రిల్‌కే అయిపోయాయి, కరోనా వెసులుబాటు కలిపినా దాటిపోయింది. కానీ ఒక్కటి, గడువులోపు నోటీసు ఇచ్చేసి ఉంటే మాత్రం కేసు బతికున్నట్టే, జీఎస్‌టీ వచ్చినా ఆ చట్టంలోని సెక్షన్ 174 పాత కేసుల్ని ఉంచేసింది. అప్పట్లో ఇలాంటి నోటీసులు చాలామందికి పాత అడ్రసులకి వెళ్లాయి, ముందు అది చూసుకోండి.

జవాబు (విజయవాడ)
నాకూ వచ్చిందండి, లేబర్ కాంట్రాక్ట్ నాది. పొంతన లేకపోవడానికి కారణం రివర్స్ ఛార్జ్, అంటే సర్వీస్ ఇచ్చేవాళ్లకి బదులు తీసుకునేవాళ్లే టాక్స్ కట్టడం. 2015 ఏప్రిల్ 1 నుంచి సెక్యూరిటీకైనా లేబర్‌కైనా మనం ప్రొప్రైటర్ అయ్యి, తీసుకునేది కంపెనీ అయితే సర్వీస్ టాక్స్ మొత్తం వాళ్లే కట్టాల్సి ఉండేది. బిల్లులు పార్టీలవారీగా పట్టిక వేసి ఆడిట్ రిపోర్టు కాపీతో కలిపి ఇచ్చాను, ఆపేశారు. ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు, రాతపూర్వకంగా ఇచ్చి రశీదు స్టాంపు వేయించుకోండి.

జవాబు (గుంటూరు, టాక్స్ ప్రాక్టీస్)
అదే కరెక్టండి. ఇంకోటి, తెలిసిన విషయాల మీదే మళ్లీ నోటీసిస్తూ దాచారనకూడదని నిజాం షుగర్ ఫ్యాక్టరీ కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది, జవాబులో రాయండి. ఆడిట్‌లో చూపించని బిల్లులుంటే మాత్రం ఈ మాట నిలవదు.

ప్రశ్న అడిగినవారు
చాలా థాంక్సండి. బీరువాలో ఆడిట్ రిపోర్టు దొరికింది, కస్టమర్లలో ఎక్కువమంది లిమిటెడ్ కంపెనీలే. 2019లో ఆఫీసు మార్చాం, పాత ఓనర్ గారి దగ్గరికెళ్లి కవర్లేమైనా వచ్చాయేమో రేపు పొద్దున్నే అడుగుతాను.