సీఎన్‌జీ కిట్ ఉంది, ఆర్సీలో మాత్రం పెట్రోలే. ఇన్సూరెన్స్ రెన్యువల్ ఎలా?

బెజవాడ బండి:
అందరికీ నమస్తే. పోయిన నెల గుడివాడలో తెలిసినాయన దగ్గర 2017 మోడల్ పెట్రోల్ వేగన్‌ఆర్ కొన్నాను. ఆర్సీ నా పేరు మీదకి మారింది. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉంది, కంపెనీది కాదు, బయట వేయించింది. అల్లాయ్ వీల్స్, ముందు ఇనుప బంపర్ కూడా ఉన్నాయి. రోజూ ఏలూరు పోయి రావాలి, గ్యాస్ చూసే కొన్నాను. ఇప్పుడు పాలసీ రెన్యువల్‌కొచ్చింది. ఆర్సీలోనూ పాత పాలసీలోనూ ఇంధనం పెట్రోల్ అనే ఉంది. ఏజెంటేమో "కిట్ సంగతి ఎందుకు సార్, ప్రీమియం పెరుగుతుంది, ఎవరూ చూడరు" అంటున్నాడు. డబ్బు కట్టించుకునేటప్పుడు చూడరు సరే, క్లెయిమ్‌కి వెళ్తే డిక్కీ తెరవరా? మా ఆవిడ పిల్లల్ని స్కూల్లో దింపేదీ ఈ బండిలోనే. అదీ టెన్షన్.

షెడ్డు అన్న:
తమ్ముడూ, ఇన్సూరెన్స్ తర్వాత. ముందు సిలిండర్ మీద టెస్ట్ తేదీ చూడు. మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్, అంటే నీటి ఒత్తిడితో సిలిండర్ గట్టిదనం చూసే పరీక్ష, చేయించాలి. కిట్ బిల్లు, వేసినవాళ్లిచ్చిన సర్టిఫికెట్ పాత ఓనర్ దగ్గర తీసుకో. అవి లేకుండా ఆర్టీవో ఆఫీసుకెళ్తే తిప్పి పంపుతారు.

రిటైర్డ్ సర్వేయర్:
మీ ఏజెంట్ చెప్పింది వినకండి. కాలిన బండి చూడ్డానికి వెళ్తే మేం ముందు చూసేది గ్యాస్ లైనే. కిట్ ఆర్సీలో లేకపోతే సొంత బండి నష్టం క్లెయిమ్ కొట్టేస్తారు, లేదా కోత పెడతారు. ఎదుటివాడికి దెబ్బ తగిలితే కోర్టు కంపెనీ చేత కట్టించినా, ఆ సొమ్ము తర్వాత మీ దగ్గర వసూలు చేసుకోమనవచ్చు.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. సీఎన్‌జీకి మాత్రం దారి ఉంది: ఆమోదం ఉన్న కిట్ అయితే ఆర్సీలో ఎక్కించుకోవచ్చు. తర్వాత పాలసీలో ఎండార్స్‌మెంట్, అంటే కిట్ ఉందని పాలసీలో రాయించడం. దానికి మామూలుగా కిట్ విలువలో 4%, థర్డ్ పార్టీకి, అంటే ఎదుటివాడి నష్టానికి ఉండే కవర్‌కి, మరో 60 రూపాయలు. ఇంతకోసమా దాచమంటున్నాడు!

అల్లాయ్స్ విలువ విడిగా రాయించండి, రాయించకపోతే పోయినప్పుడు రూపాయి రాదు. ఇనుప బంపర్ విప్పేయండి. 2017 డిసెంబర్‌లోనే కేంద్రం వాటిపై చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. ఇప్పుడు అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 దాకా జరిమానా పడుతుంది.

ఇంకోటి. ఆర్సీ మారింది సరే, పాలసీ మారిందా? 14 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. థర్డ్ పార్టీ దానంతటదే మీకు వస్తుంది, ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టం) రాదు. ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ చేయనందుకిచ్చే డిస్కౌంట్, బండిది కాదు, పాత ఓనర్‌ది. మీ కోట్‌లో ఆ డిస్కౌంట్ వేశాడేమో చూడండి.

బెజవాడ బండి:
సార్, 45% ఎన్‌సీబీ వేసే ఉంది! అడిగితే "సిస్టమే వేసింది" అన్నాడు. తీయించి కొత్త కోట్ పంపమన్నాను. పాలసీ ఇంకా పాతాయన పేరు మీదే ఉంది, రేపు ఆ కాగితాలు పెడతాను. అన్నా, కిట్ బిల్లు ఉందట కానీ 2021 తర్వాత హైడ్రో టెస్ట్ లేదు. సిలిండర్ వాల్వ్ కట్టేసి పెట్రోల్ మీద తిప్పుతున్నాను. బంపర్ విప్పితే గ్రిల్ దగ్గర బోల్టు కన్నాలు కనపడతాయంటున్నారు, వాటికేం చేస్తారు?

షెడ్డు అన్న:
ప్లాస్టిక్ ప్లగ్గులు దొరుకుతాయి తమ్ముడూ. పెయింట్ వేయిద్దామని ఎవడన్నా చెప్తే పడకు.