ర్యామిఫికేషన్స్ అంటే వట్టి ‘ఫలితాలు’ అని రాయొచ్చా?

ప్రశ్న: ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నానండి. అందులో ‘లీగల్ ర్యామిఫికేషన్స్’ అని ఉంది. నిఘంటువులో చూస్తే ‘కొమ్మలుగా చీలడం’ అని కూడా ఇచ్చారు. ఇక్కడ అదెలా కుదురుతుంది? ‘ఫలితాలు’ అనేస్తే సరిపోదా?

జవాబు: తప్పు కాదు గానీ, మాటలోని అసలు పస పోతుందండి. లాటిన్‌లో ‘రాముస్’ అంటే కొమ్మ. ఈ మాటకు మూలం అదే. శరీర నిర్మాణ శాస్త్రంలో ఆ అర్థం నేటికీ ఉంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్లే గాలిగొట్టాలు చీలుతూ, మళ్లీ చీలుతూ సన్నబడిపోతాయి. నరాలు, రక్తనాళాల విషయంలోనూ ఈ మాటే వాడతారు. అక్కడైతే ‘శాఖలుగా చీలడం’ అనే రాయాలి.

మీ వాక్యంలో చీలుతున్నది ఒక పని తాలూకు ప్రభావం. ఎవరో చదవకుండా ఒప్పందం మీద సంతకం పెట్టారనుకోండి. డబ్బు కట్టాల్సి రావడం నేరుగా వచ్చిన ఫలితం, అంటే కాన్సీక్వెన్స్. ఆ బాకీ వల్ల కొత్త అప్పు పుట్టకపోవడం, హామీ ఉన్న బంధువు కూడా కోర్టుకు వెళ్లాల్సి రావడం, ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేకపోవడం... ఇలా ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొచ్చేవన్నీ ర్యామిఫికేషన్స్. అందుకే ఈ అర్థంలో ఎక్కువగా బహువచనంలోనే కనిపిస్తుంది. నేనైతే ‘చట్టపరమైన పర్యవసానాలు’ అని రాస్తాను. ఇబ్బందుల గురించే అయితే ‘చట్టపరంగా తలెత్తే చిక్కులు’ ఇంకా సహజంగా ఉంటుంది.

ప్రశ్న: మరి రిపర్కషన్స్, ఇంప్లికేషన్స్?

జవాబు: రిపర్కషన్స్‌లో ఎదురుదెబ్బ ఛాయ ఉంటుంది, చాలావరకు చెడుకే వాడతారు. ఇంప్లికేషన్ అంటే ఇంకా జరగకపోయినా, ఉన్నదాన్ని బట్టి తేలే విషయం. ఒక పరిశోధన ఏం సూచిస్తోందో చెప్పేటప్పుడు అదే సరైన మాట, ర్యామిఫికేషన్ అక్కడ అంతగా అతకదు.

మరొకరు: గణితం అనువదించేవాళ్లు మాత్రం జాగ్రత్త. సంఖ్యా సిద్ధాంతంలో ఇది పారిభాషిక పదం. గాసియన్ పూర్ణాంకాల్లో (అంటే a + bi రూపంలోని సంఖ్యల్లో; a, b పూర్ణాంకాలు, i అంటే −1 వర్గమూలం) 5 రెండు వేర్వేరు ప్రధాన కారణాంకాలుగా విడిపోతుంది. దాన్ని ర్యామిఫికేషన్ అనరు. 2 విషయంలో ఒకే ప్రధాన కారణాంకం రెండుసార్లు వస్తుంది. ర్యామిఫికేషన్ అనేది దీన్నే. అక్కడ ‘చీలిక’ అని రాస్తే అర్థం తలకిందులవుతుంది. ఇంగ్లిష్ మాటనే తెలుగు లిపిలో ఉంచి, పక్కన వివరణ ఇవ్వడం మేలు.